నీళ్లుంటే చాలదు, గాలి కావాలి

మన కుర్రాళ్లలో ఈ మధ్య ఒక కొత్త నమ్మకం బయల్దేరింది. కంప్యూటరుకు నీటి శీతలీకరణ, అంటే అందరూ అనే లిక్విడ్ కూలింగు, పెట్టించుకుంటే ఇక వేడి గొడవ వదిలిపోయినట్టేనని. హాస్టల్లో ఏ గదికెళ్లినా, ఇంటి దగ్గర ఏ తమ్ముడు కొత్త మెషిను కూర్పించుకుంటున్నా, మొదటి ప్రశ్న "ఎంత పెద్ద రేడియేటరు?" అనే. గాలి ఎటునుంచి వస్తుంది, ఎటు పోతుంది అని అడిగినవాణ్ణి నేనింతవరకూ చూళ్లేదు. ఆ మాటకొస్తే నేనూ అడగలేదు. అడగనందుకు నాకు జరిగిన శాస్తి ముందు చెప్పి, తర్వాత నా అభిప్రాయం చెప్తాను. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం మీ ఇష్టం.

ఫైనలియర్ ప్రాజెక్టు కోసం ఇంట్లో ఒక కంప్యూటరు కూర్పించుకున్నాను. ఆ ఏడు మిర్చి అమ్మిన డబ్బులో కొంత దానికే పోయింది. గట్టి ప్రాసెసరు, దానికి తగ్గ గ్రాఫిక్స్ కార్డు, 240 మిల్లీమీటర్ల రేడియేటరుతో నీటి కూలరు, ముందువైపు మొత్తం అద్దం, లోపల రంగురంగుల దీపాలు. చూసిన ప్రతివాడూ ముచ్చటపడ్డాడు. దాన్ని తీసుకెళ్లి కంప్యూటరు బల్ల కింద అరలో పెట్టి, దుమ్ము పడుతుందని అర తలుపు కూడా వేశాను. నీటి కూలరుంది కదా, దానికి గాలితో పనేమిటి అని నా ధీమా.

నా లెక్క ముప్పై గంటలు ఆగకుండా నడవాలి. ఏప్రిల్ నెల. మొదటి రాత్రి బాగానే నడిచింది. మర్నాడు మధ్యాహ్నం రెండింటికి మెషిను నత్తనడక పట్టింది. మూడింటికి దానంతటదే ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టాను, మళ్లీ ఆగింది. మూడోసారీ అంతే. ప్రాజెక్టు ఇవ్వాల్సిన తేదీ దాటిపోయింది. గైడు మాష్టారు ఏమీ అనలేదు గాని, ఆయన ఏమీ అనకపోవడమే నాకెక్కువ బాధనిపించింది.

కూర్చిన షాపతనికి ఫోను చేస్తే, చూడకుండానే "పంపు పోయుంటది తమ్ముడూ, ఇంకా పెద్దది వేయించుకో" అన్నాడు. ఇంకో పన్నెండు వేలు. చేసేదిలేక నాన్నని అడిగాను. ఆయన డబ్బు మాట ఎత్తకుండా, ఆ నీళ్ల సంగతేమిటో చెప్పమన్నారు. ప్రాసెసరు మీద రాగి పలక ఉంటుందని, దాని లోపల నీళ్లు తిరుగుతాయని, చిన్న పంపు ఆ నీళ్లని తోస్తుందని నాకు తెలిసినంతలో చెప్పాను.

"మన బావి మీద ఆయిలింజనుక్కూడా నీళ్లు పెట్టేవాళ్లంరా. పంపు తోడిన నీళ్లలోంచే కొన్ని ఇంజన్లోకెళ్లి, వేడెక్కి కాలవలో పడేవి. ఎప్పటికప్పుడు కొత్త నీళ్లు. మరి నీ దాంట్లో నీళ్లు ఎటు పోతాయి?" అన్నారు.

"ఎటూ పోవు నాన్నా. అవే తిరుగుతుంటాయి."

"మరి వేడి ఎటు పోద్దిరా?"

అంతే. నా దగ్గర జవాబు లేదు. నాలుగేళ్లు చదివిన చదువులో ఉష్ణ ప్రసారం మీద ఒక పేపరు పూర్తిగా రాసి, మంచి మార్కులే తెచ్చుకున్నవాణ్ణి నేను. బావిగట్టు మీద తెలిసిన సంగతి నాకు బల్ల దగ్గర తట్టలేదు.

మిత్రులారా, విషయమంతా ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది. నీళ్లు వేడిని మోస్తాయి, అంతేగాని మింగెయ్యవు. మోసుకొచ్చిన వేడిని రేడియేటరు దగ్గర గాలికి అప్పగించాలి. ఆ గాలి పెట్టెలోంచి బయటికి, గదిలోంచి కూడా బయటికి పోవాలి. ఇంట్లో వాడే ఏ నీటి కూలరుకైనా చివరి మజిలీ గాలే.

మోతలో నీళ్లకి సాటి లేదన్నది నిజమే. ఒక చిన్న లెక్క చూడండి. మెషిను 400 వాట్ల వేడి పుట్టిస్తోందనుకుందాం. ఆ వేడిని మోసే పదార్థం 10 డిగ్రీలు మాత్రమే వేడెక్కాలంటే, నీళ్లయితే సెకనుకు పది మిల్లీలీటర్లు, అంటే రెండు చెంచాలు చాలు. గాలయితే సెకనుకు దాదాపు 35 లీటర్లు కావాలి. ఘనపరిమాణం లెక్కన చూస్తే నీళ్లది గాలికన్నా మూడున్నర వేల రెట్లు మోత. అందుకే వేలెడు లావు గొట్టం ప్రాసెసరు వేడినంతా లాక్కెళ్లగలుగుతోంది. కాని ఆ రెండు చెంచాల నీళ్లు తెచ్చిన వేడిని దించాలంటే మళ్లీ సెకనుకు ఆ 35 లీటర్ల గాలీ కావల్సిందే. నీళ్లు వచ్చాయని గాలి అవసరం రవ్వంతైనా తగ్గలేదు. వేడి చేతులు మారే చోటు ప్రాసెసరు నెత్తి మీంచి పెట్టె అంచుకి జరిగింది, అంతే.

ఇంకో సంగతి. రేడియేటరు తనలోకొచ్చే గాలికన్నా నీళ్లని చల్లగా చెయ్యలేదు. మట్టికుండలో నీళ్లు బయటి గాలికన్నా చల్లగా ఉంటాయంటే, అది కుండ చెమర్చి, ఆ చెమ్మ ఆవిరవడం వల్ల. మూసేసిన గొట్టాల్లో ఆవిరయ్యేదేముంది? గది 25 డిగ్రీలుంటే నీళ్లు 35 దగ్గర నిలబడే మెషిను, గది 38 ఉంటే 48 దగ్గర నిలబడుతుంది. లోపలికొచ్చే గాలి ఒక డిగ్రీ పెరిగితే ప్రాసెసరూ సుమారుగా ఒక డిగ్రీ పెరుగుతుంది. చల్లదేశాల్లో 20, 25 డిగ్రీల గదుల్లో కూలర్లని పరీక్షించి చెప్పే అంకెల్ని మనం రెంటచింతల ఎండల్లో, రామగుండం ఎండల్లో పట్టుకు వేలాడితే ఏం లాభం? నా మెషిను అర తలుపు వెనక తను వదిలిన వేడిగాలినే తిరిగి పీల్చుకుంటోంది. దానికి బయట ఏప్రిలైతే లోపల రోహిణీ కార్తె.

ఇది కొత్త విద్యేమీ కాదు. 1980లో ఐ.బి.ఎం. 3081 అనే పెద్ద కంప్యూటరుని నీళ్లతోనే చల్లబరిచారు. 1985లో వచ్చిన క్రే-2 యంత్రాన్ని ఏకంగా ఫ్లోరినర్ట్ అనే ద్రవంలో ముంచి నడిపించారు. 2004లో ఆపిల్ వాళ్ల పవర్ మాక్ జి5 లోనూ నీటి శీతలీకరణ ఉంది. అయితే ఆ మొదటి రెంటికీ వెనక చల్లటి నీళ్లందించే యంత్రాంగం వేరే ఉండేది. వేడి ఆ గది దాటి బయటికి పోయేది. మనం ఇంట్లో కొనుక్కునే కూలరు మాత్రం వేడిని తెచ్చి మన మోకాళ్ల దగ్గరే వదులుతుంది. పేరు ఒకటే, ఏర్పాటు వేరు. పేరు చూసి ఏర్పాటుని మర్చిపోవడమే మనం చేస్తున్న తప్పు.

సరే, ఆ సాయంత్రం నేనేం చేశానో చెప్తాను. అరలోంచి మెషిను బయటికి లాగి, ఒక అగరుబత్తి వెలిగించి, బూడిద లోపల పడకుండా చూసుకుంటూ ప్రతి ఫాను దగ్గరా పట్టుకున్నాను. పొగ ఎటు పోతే గాలి అటు పోతున్నట్టు. అంతకన్నా చౌకైన పరికరం లేదు. ముందువైపు రేడియేటరు ఫాన్లు లోపలికి లాగుతున్నాయి, మంచిదే. కాని ఎదురుగా నిలువెత్తు అద్దం, గాలి దూరడానికి పక్కన వేలెడు సందు మాత్రమే. ఇక వెనక ఫాను! అది కూడా లోపలికే ఊదుతోంది. తిరగేసి బిగించారన్న మాట. వచ్చే దారులే గాని పోయే దారి లేదు. మామూలుగా ఫానుకి చట్రం పుల్లలున్న వైపు గాలి బయటికొస్తుంది. ఆ మాత్రం చూసుకోకుండా నేను దీపాల రంగులు చూసుకున్నాను.

వెనక ఫాను తిప్పి బిగించాను. ముందు అద్దం తీసేసి జల్లెడలాంటి రేకు పెట్టించాను. మెషిన్ని గోడకి జానెడు దూరంగా, కిటికీ దగ్గర బల్ల మీద పెట్టాను. అదే గది, అదే ఎండ, అదే నీటి కూలరు. ఆగిపోయే ముందు 97 డిగ్రీలు చూపించిన ప్రాసెసరు 81 దగ్గర నిలబడింది. ముప్పై గంటల లెక్క ముప్పై గంటల్లో అయింది. పన్నెండు వేలు మిగిలాయి. పంపుకి ఏ జబ్బూ లేదు, ఈనాటికీ నడుస్తోంది.

అప్పట్నించీ చదివి, చేసి తెలుసుకున్న నాలుగు ముక్కలు ఇక్కడ చెప్తాను.

మొదటిది, నీటి కూలరు వచ్చాక కొన్ని భాగాలు అనాథలవుతాయి. పాత పద్ధతిలో ప్రాసెసరు నెత్తి మీదుండే ఫాను దాన్నే కాక, పక్కనున్న మెమరీకీ, ప్రాసెసరుకి విద్యుత్తు అందించే రెగ్యులేటరు భాగాలకీ పనిలో పనిగా గాలి తగిలేట్టు చేసేది. ఇప్పుడా ఫాను వెళ్లి పెట్టె అంచున కూర్చుంది. ప్రాసెసరు చల్లగానే కనిపిస్తుంది. దాని చుట్టుపక్కల మాత్రం గాలాడదు. అంచేత పెట్టెలో ముందునుంచి వెనక్కి ఒక గాలివాలు ఉండి తీరాలి. మన పాత మండువా ఇళ్లు కట్టినవాళ్లకి ఈ సంగతి తెలుసు. వీధి వాకిలికి ఎదురుగా పెరటి వాకిలి, మధ్యలో వేడి పైకి పోవడానికి ఆకాశం.

రెండోది, రేడియేటరు ముందా, పైనా అన్న వాదం. ముందు పెడితే ప్రాసెసరుకి గదిలోని తాజా గాలి దొరుకుతుంది, కాని ఆ వేడంతా గ్రాఫిక్స్ కార్డు మీదికి పోతుంది. పైన పెట్టి బయటికి ఊదిస్తే గ్రాఫిక్స్ కార్డుకి చల్లగాలి, ప్రాసెసరుకి అది వదిలిన గాలి. అన్నివిధాలా మంచిదంటూ ఒకటి లేదు. ఎవరికి ఏది ఎక్కువ వేడెక్కితే దానికి ముందు గాలి ఇవ్వాలి. ఆటలాడేవాడికి గ్రాఫిక్స్ కార్డు ముఖ్యం. 2022లో వచ్చిన ఆర్.టి.ఎక్స్. 4090 ఒక్కటే 450 వాట్ల కార్డు. అలాంటిదున్నవాడు రేడియేటరు పైన పెట్టుకోవడమే మంచిదని నా అభిప్రాయం. ప్రాసెసరుతోనే లెక్కలు చేయించుకునే నాలాంటివాడు ముందు పెట్టుకోవచ్చు. ఎక్కడ పెట్టినా పంపు మాత్రం మొత్తం గొట్టాలన్నిట్లో ఎత్తయిన చోట ఉండకూడదు. లోపలున్న కాస్త గాలి బుడగా పైకెళ్లి పంపులో చేరితే గుడగుడ చప్పుడూ వస్తుంది, పంపూ పాడవుతుంది.

మూడోది, దుమ్ము. లోపలికి ఊదే గాలి బయటికి లాగే గాలికన్నా కాస్త ఎక్కువుంటే, సందులన్నిట్లోంచీ గాలి బయటికే పోతుంది, దుమ్ము వడకట్టు దగ్గరే ఆగుతుంది. తక్కువుంటే ప్రతి సందూ దుమ్ము పీలుస్తుంది. మన ఊళ్లలో నెలకోసారి వడకట్టు దులపాలి. రేడియేటరు రేకుల మధ్య బూజు పట్టాక దాని సైజు 240 అయినా, 360 అయినా ఒకటే. ఎండాకాలం ఎయిర్ కూలరు పెట్టుకునేవాళ్లు దాని తుంపర పడే ఎదురుగా మెషిన్ని పెట్టకండి. ఉప్పునీళ్ల బోర్లున్న చోట మరీ జాగ్రత్త.

నాలుగోది, ఫాను వేగం. నీళ్లు మెల్లగా వేడెక్కుతాయి, మెల్లగా చల్లబడతాయి. లీటరు నీళ్లకి 300 వాట్ల వేడి ఇస్తే, ఏమీ బయటికి పోకపోయినా 10 డిగ్రీలు పెరగడానికి రెండు నిమిషాల పైన పడుతుంది. అంచేత వీలుంటే ఫాన్లని నీళ్ల ఉష్ణోగ్రతని బట్టి తిరిగేట్టు పెట్టుకోవాలి. ప్రాసెసరు క్షణానికోసారి ఎగిరిపడుతుంటుంది. దాన్ని నమ్ముకుంటే ఫాను ఏడుపూ, ఊరడింపూ చంటిపిల్లాడిలా తెల్లార్లూ సాగుతుంది. పూర్తి వేగం కూడా అనవసరం. ఫాను వేగం రెట్టింపైతే గాలి రెట్టింపే, అది తినే కరెంటు మాత్రం ఎనిమిది రెట్లు. రెండు చిన్న ఫాన్లు గగ్గోలుగా తిరిగే బదులు నాలుగు నెమ్మదిగా తిరగడం మేలు.

గొట్టాలూ అవీ విడిగా కొని సొంతంగా కూర్చుకునే ఉత్సాహవంతులకి ఒక్క మాట. రాగినీ అల్యూమినియాన్నీ ఒకే నీళ్లలో కలపకండి, అల్యూమినియం తినుకుపోతుంది. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు అసలు పొయ్యకండి.

ఇక మిత్రులు వేసే ప్రశ్న: "అయితే నీటి కూలరు దండగంటావా?" అనను. అలా అనేవాళ్లూ ఉన్నారు, వాళ్లతోనూ నాకు పేచీయే. 250 వాట్ల దాకా తినే ప్రాసెసర్లు ఇవాళ ఇళ్లలోకొచ్చాయి. గోరంత చోటులోంచి అంత వేడి లాగాలంటే నీళ్లు అక్కరకొస్తాయి. పైగా వేడిని నేరుగా పెట్టె అంచుకి తీసుకెళ్లి బయటికి పంపే సౌకర్యం దాంట్లో ఉంది. కాని మనలో చాలామంది కొనేది 65 వాట్లు, 100 వాట్ల ప్రాసెసర్లు. వాటికి మంచి గాలి కూలరు, గాలాడే పెట్టె, నాలుగు ఫాన్లు చాలు. మిగిలిన డబ్బు మెమరీకి పెట్టుకోండి, పుస్తకాలకి పెట్టుకోండి, ఇంటికి తిరిగి ఇచ్చెయ్యండి. గాలాడని అద్దాల పెట్టెలో ఖరీదైన నీటి కూలరు పెట్టడమంటే, కిటికీలు మూసేసి విసనకర్రకి వెండి పిడి చేయించుకున్నట్టే.

చివరిగా, మనం అస్సలు ఆలోచించని సంగతి ఒకటుంది. అది గది. మెషిను గోడ ప్లగ్గులోంచి తీసుకునే 500 వాట్లూ చివరికి గదిలో వేడిగానే తేలతాయి. నీళ్లున్నా అంతే, లేకపోయినా అంతే. పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గది తలుపులన్నీ మూస్తే, గోడలు పీల్చుకోకపోతే, ఆ 500 వాట్లకి గదిలో గాలి సుమారు నిమిషానికి ఒక డిగ్రీ వేడెక్కుతుంది. గోడలు పీల్చుకుంటాయి కాబట్టి బతికిపోతున్నాం. అవి పీల్చుకున్నది రాత్రికి మనకే తిరిగిస్తాయి. సీలింగ్ ఫాను ఆ వేడిని కలియతిప్పుతుందే గాని బయటికి పంపదు. ఒక టన్ను ఏ.సి. తీసెయ్యగలిగేది మూడున్నర కిలోవాట్లు. అందులో ఏడోవంతు ఈ మెషినే తినేస్తుంది.

హాస్టల్ గదిలో ఉండేది ఒక్కడు కాదు. మన ఆట కోసం, మన లెక్క కోసం, పక్క మంచం మీదవాడు మే నెలలో కుంపటి పక్కన పడుకోవాలా? పెద్ద రేడియేటరు పెట్టించుకున్నాక మన ప్రాసెసరు ఇంకా జోరుగా నడిచి ఇంకా వేడి వదులుతుంది. మన మెషిను చల్లగా ఉన్నట్టు తెర మీద అంకె కనిపిస్తుంది. పక్కవాడి చెమట ఏ తెర మీదా కనిపించదు. అందుకని రాత్రంతా నడిపేవాళ్లు ప్రాసెసరు శక్తి పరిమితిని కొంత తగ్గించి పెట్టండి. శక్తి తగ్గినంతగా వేగం తగ్గదు. కిటికీకి ఒక ఎగ్జాస్టు ఫాను పెట్టించండి. అది నలుగురికీ పనికొస్తుంది.

పెద్దలైన లెక్చరర్లకి ఒక విన్నపం. ఉష్ణ ప్రసారం పాఠం చెప్పేటప్పుడు బాయిలరు బొమ్మతోపాటు ఒక కంప్యూటరు పెట్టె కూడా బల్ల మీద పెట్టించండి. గాలి లోపలికొచ్చే చోట ఒక థర్మామీటరు, బయటికి పోయే చోట ఒకటి. రెంటికీ తేడా, గాలి ఎంత పోతోందో తెలిస్తే వేడి ఎంతో పిల్లలే లెక్కగడతారు. నేనా ప్రయోగం ఫస్టియర్లో చేసుంటే నా ప్రాజెక్టు ఆలస్యమయ్యేది కాదు.

తమ్ముళ్లకీ, చెల్లెళ్లకీ చెప్పేది కూడా అంతే. కొనబోయే ముందు షాపువాణ్ణి రేడియేటరు పొడవు తర్వాత అడగండి. ముందు మా నాన్న అడిగిన ప్రశ్న అడగండి: "వేడి ఎటు పోతుంది?" పెట్టెలోంచి ఎటు పోతుందో చెప్పించుకోండి. గదిలోంచి ఎటు పోతుందో మీరు చూసుకోండి. ఆ రెంటికీ జవాబు దొరికాక నీళ్లు కావాలంటే పెట్టించుకోండి, నాకేం అభ్యంతరం లేదు.